ఆవిణ్ని ఎవరు పిలిచారు?

కచేరీ మొదలైన కాసేపటికే, గంట వాయించే అతను రాలేదన్న సంగతి హాలంతటికీ తెలిసిపోయింది.

డోలు ఒక దారిన, సాక్సోఫోన్ ఒక దారిన, పియానో ఇంకో దారిన పోతున్నాయి. ముగ్గురు తోడికోడళ్లు ఒకే పొయ్యి దగ్గర చేరినట్టుంది.

ఆఫ్రికా లయల మీద అప్పటికప్పుడు తోచింది వాయించే జాజ్ బృందం అది. రాసిపెట్టుకున్న పాటంటూ ఉండదు. ఎవరెటు పోయినా, ఇనుప గంట వేసే తాళమే మళ్లీ అందర్నీ ఇంటికి చేర్చాలి.

ఆ గంట కాస్తా ఇవాళ కుర్చీలో తీరిగ్గా కూర్చుని ఉంది.

సంగీతోత్సవం వాళ్లు న్యాయనిర్ణేతను పంపేదీ ఇవాళే. ఎవరో, ఎలా ఉంటారో చెప్పరు. జనంలో కూర్చుని విని పోతారు. నచ్చితే పెద్ద వేదిక. లేదంటే మళ్లీ ఈ మడత కుర్చీల హాలే గతి.

ముందు వరుసలోంచి ఒకావిడ లేచింది. చేతిసంచి మెట్టు మీద పెట్టి, వేదికెక్కి, గంట అందుకుంది.

వాయిస్తున్నప్పుడు ఏం జరిగినా ‘ఎందుకు’ అని అడగకూడదు, వాయిద్యంతోనే బదులివ్వాలి. బృందానికున్న ఒకే ఒక్క నియమం అది.

కాబట్టి ముగ్గురూ వాయిస్తూనే ఉన్నారు.

గంట మోగింది. కసురుకోలేదు, తొందరపెట్టలేదు. ఆటల్లో పడ్డ పిల్లల్ని పేరుపెట్టి పిలిచినట్టు ఒక్కొక్కర్నే వెనక్కి రప్పించింది.

జనం కుర్చీలు మడిచి గోడకి ఆనించి మరీ గంతులేశారు.

తెర పడింది.

“మాస్టారూ, మీ చుట్టమా?” అన్నాడు సాక్సోఫోన్ అతను.

“నా చుట్టమేమిటి? నీ చుట్టమనుకున్నా!” అన్నారు డోలు మాస్టారు.

“నా వైపు చూడకండి బాబూ,” అంది పియానో అమ్మాయి. “మీరిద్దరూ కలిసి పిలిచారనుకున్నా.”

ఆవిడ చెమట తుడుచుకుంటూ నవ్వింది. “ఎవరూ పిలవలేదండీ. చేతులు ఊరుకోలేదు, వచ్చేశాను.”

“భలేవారే! న్యాయనిర్ణేత వచ్చే రోజునా మీ సరదా?” మాస్టారు విసుక్కున్నారు. “ఏదో కుదిరింది కాబట్టి సరిపోయింది.”

“మీ బృందంలో నన్ను చేర్చుకుంటారా?”

“చూద్దాం లెండి. ముందు కాస్త పక్కకి జరగండి. ఆయనెవరో వస్తే దారికి అడ్డం.”

ఆవిడ సంచి తీసుకుని, నవ్వుతూనే వెళ్లిపోయింది.

ఆయనెవరో మాత్రం రాలేదు.

మర్నాడు ఉత్సవం కార్యదర్శి ఫోన్ చేశాడు. ముగ్గురూ ఫోన్ చుట్టూ మూగారు.

“ఈ ఏడాదికి మీ బృందం లేదండీ. మార్కులే పడలేదు.”

“అంత ఘోరంగా వాయించామా?” అన్నారు మాస్టారు.

“అయ్యో, అది కాదండీ! తాను వాయించిన కచేరీకి తానే మార్కులు వేసుకుంటే బాగుండదని మా న్యాయనిర్ణేతగారు రాజీనామా చేసేశారు. మీలో చేరతానంటే ‘చూద్దాం లెండి’ అన్నారట కదా, చూశారో లేదో కనుక్కోమంటున్నారు.”