దొరకని లైబ్రరీ

గేటనుకుని ప్రహరీ గోడ మీదికి స్కూటర్ తోలాడు వాచీల మెకానిక్. గోడకేం కాలేదు. ఆయన మోకాలు చీరుకుపోయింది.

"శుక్లాలు ముదిరాయని డాక్టరు మొత్తుకుంటున్నాడు. ఇంకా ఆలస్యమైతే చూపే దక్కదట. ఆపరేషన్ చేయించుకోండి," అంది భార్య, మందు రాస్తూ.

"నా కళ్ళకేమే? కంప్యూటర్ చదరంగంలో ఒక్కసారైనా ఓడానా? ఓడిన రోజు చెప్పు, ఆ రోజే ఆపరేషన్ బల్ల ఎక్కుతా."

ధీమాగానే అన్నాడు. ఆ పాత కంప్యూటర్ కాలిపోయి చాలాకాలమైంది. ఆట డిస్కు మిగిలింది గానీ, కొత్తదాంట్లో నడవదు. ఏ దేశంవాడో వేరే రకం యంత్రం కోసం రాసిన ప్రోగ్రాం అది.

"నేను నడిపిస్తా మావయ్యా," అంది కోడలు. ఆమె ఉద్యోగమే కంప్యూటర్లతో. "మాట తప్పకూడదు మరి."

కొత్త కంప్యూటర్లో ఎమ్యులేటర్ పెట్టింది. పాత యంత్రంలా వేషం కట్టి ప్రోగ్రాంని నమ్మించడం దాని పని. ప్రోగ్రాం నమ్మింది. లోపలికి రాబోయి, ఫలానా లైబ్రరీ లేదంటూ గుమ్మంలోనే చతికిలబడింది.

"మళ్ళీ ఏమొచ్చిందే దానికి?" అంది అత్తగారు.

"లైబ్రరీలంటే పనిముట్లు అత్తయ్యా. వీధి మొత్తానికి ఒక నిచ్చెన ఉంటే అందరూ అదే వాడుకుంటారు చూడండి, అలా. దాని పాత వీధిలో నిచ్చెన ఉంది. మన వీధిలో లేదు."

కోడలు బొమ్మలు గీసే లైబ్రరీ వెతికి తెచ్చి పెట్టింది. అక్షరాలది లేదంది ప్రోగ్రాం. అదీ తెచ్చింది. చప్పుళ్ళది అడిగింది. కొత్తల్లుడి అలకలా ఒకటి తీరిస్తే ఇంకొకటి.

చివరికి ఒక్కటే మిగిలింది. ఎత్తులు ఆలోచించే లైబ్రరీ. దాన్ని రాసిన కంపెనీయే ఇప్పుడు లేదు. ఎక్కడా దొరకలేదు.

"బుర్ర లేకుండా ఏం ఆడుతుందమ్మా?" మామగారు పడీపడీ నవ్వాడు. "ఇంకో కంప్యూటర్ ఆట బుర్ర తెచ్చి తగిలిస్తే చెల్లదు సుమా!"

"ఏ కంప్యూటర్ బుర్రా తగిలించను. ఒట్టు," అంది కోడలు.

ఆదివారం పొద్దున పిలిచింది. తెర మీద గళ్ళు, బంట్లు సిద్ధంగా ఉన్నాయి. మామగారు తెరకి ముక్కు ఆనించి కూర్చున్నాడు. భార్య కూరగాయల చేటతో ఎప్పట్లా పక్కన చేరబోయింది. ఆయన ఆడినన్నేళ్ళూ ఆమె అక్కడే కూర్చుని తరిగేది.

"గుర్రం ఎటు దూకుతుందో తెలియనిదానివి, నీకెందుకే ఇది? వంటింట్లోకి పో!"

ఆమె చేట ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఆట మొదలైంది. ప్రోగ్రాం తాపీగా ఎత్తులు వేస్తోంది.

"ఏంటమ్మా, ఈ నత్త నడక?"

"వేషం బరువు మావయ్యా. ఎమ్యులేటర్ కదా."

మధ్యలో కుక్కర్ కూత పెట్టింది. అప్పుడైతే ప్రోగ్రాం మరీ ఆలస్యం చేసింది. ఆయన ఆవులించి, విసుగ్గా మంత్రిని ముందుకు తోశాడు.

మూలనున్న శకటు వచ్చి మంత్రిని ఎత్తుకుపోయింది. కాసేపటికే ఆటకట్టు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆటకట్టే.

"ఇది పాతదానికంటే ముదురమ్మా. నాకు ఎక్కడ విసుగొస్తుందో కనిపెట్టి కూర్చుంది." గొంతు తగ్గించాడు. "ఆ మూల శకటు కనబడలేదు. డాక్టరుకి ఫోన్ చెయ్యి. మీ అత్తయ్యకి మాత్రం ఓడానని చెప్పకు."

"నేనెందుకు చెబుతా మావయ్యా," అని కోడలు లేచింది.

ఆమె వంటింట్లోకి వెళ్ళేసరికి, ఎక్కడా దొరకని ఆ ఆలోచించే లైబ్రరీ, తన చేతిలోని ఫోన్లో చదరంగం గళ్ళు ఆర్పేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "విసుగొస్తే ఆ మంత్రిని ఎప్పుడూ అలాగే తోస్తారమ్మాయ్," అంది.