చీమంత అక్షరాలు

మంగళవారం ఉదయం తొమ్మిది నలభైకి ఒక తాళాల షాపు వెబ్‌పేజీ పాడైంది. పాడు చేయించినవాడు కూడా తాళాల షాపు యజమానే.

అతను ఒక ఇంటికి చిన్నల్లుడు. పెద్దల్లుడిదీ తాళాల షాపే, రెండు వీధుల అవతల. తాళంచెవి లోపల మరిచి తలుపు బయట నిలబడ్డవాడు ఫోన్ తీసి వెతికితే మొదట పెద్దల్లుడి పేజీ వచ్చేది, దాని కింద చిన్నల్లుడిది. జనం మొదటిదానికే ఫోన్ చేసేవారు. తన పనితనం కూడా అందుకు కారణం కావచ్చన్న అనుమానం చిన్నల్లుడికి ఏనాడూ రాలేదు. మామగారు మాత్రం తేల్చి చెప్పేశారు. నెలాఖరుకి షాపు పుంజుకోకపోతే మూసేసి పెద్దల్లుడి దగ్గర పనికి చేరాలి.

తోడల్లుడి కింద పని. దానికన్నా నేరం నయమనుకున్నాడు.

నిజానికి అతని పేజీ కూడా తోడల్లుడిదే. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం కూర్చుని దాన్ని ఉన్నదున్నట్టు దించేశాడు. షాపు పేరు, నంబరు, ఫొటో మార్చాడు. మిగతాది, తోడల్లుడి ఫైళ్లకున్న లింకులతో సహా, ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏమవుతుందో తెలియదు. ‘సైటు రెండు గంటల్లో కట్టేశా’ అని చుట్టాలందరికీ చెప్పుకున్నాడు.

ఆ మంగళవారానికి ముందు శనివారం అతను పెద్దల్లుడి పేజీ చూసుకునే డిజైనర్‌ని ఆమె ఆఫీసు మెట్ల మీద పట్టుకున్నాడు. సీలు విప్పని కొత్త ఫోన్ పెట్టె ఆమె చేతిలో పెట్టాడు.

“మా అన్నయ్య పేజీ ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉండాలమ్మా. బటన్లు ఒకదాని మీదొకటి ఎక్కాలి. కంప్యూటర్లో మాత్రం తేడా తెలియకూడదు. ఆయన చూసుకునేది అందులోనే.”

“దాంతో ర్యాంకు పడిపోతుందా సార్?”

“ఎందుకు పడదు? సెర్చ్ వాళ్లు చూసేది ఫోన్ పేజీనే కదా!”

“చూసేది అదే. కానీ అక్షరాలు చిన్నవైనంత మాత్రాన పాతాళానికి తొక్కెయ్యరు. ఒకట్రెండు మెట్లు దిగొచ్చు, దిగకపోవచ్చు. అసలు దెబ్బ అది కాదు. గుమ్మం ముందు నిలబడ్డవాడికి బటన్ నొక్కుడు పడకపోతే వెనక్కొచ్చి కింద ఉన్న షాపుకి చేస్తాడు.”

“కింద ఉన్నది నేనే!” అని అతను తొడ చరిచాడు.

“అక్షరాల సైజు, బటన్ల సైజు అన్నీ ఒక ఫైల్లో ఉంటాయి సార్. ఆ ఫైలు మారిస్తే, దాన్ని వాడుకునే పేజీ ఏదైనా పాడవుతుంది. మరి పర్లేదా?”

“పాడవ్వాలనే కదమ్మా మొత్తుకుంటున్నా! చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదూ?”

ఆమె ఇంకేం అడగలేదు. ఆ పేజీని అతని ఫోన్‌లో తెరవొద్దని, తెరిచినవాళ్ల వివరాలు నమోదవుతాయని మాత్రం చెప్పింది. రుజువుగా ఫొటో పంపిస్తానంది.

మంగళవారం తొమ్మిది నలభై రెండుకి ఫొటో వచ్చింది. అతను దాన్ని పెళ్లాం మొహం ముందు ఆడించాడు.

“చూడవే మీ బావగారి వైభోగం! ఇది చూసి గాడిద కూడా ఫోన్ చెయ్యదు.”

ఆమె కళ్లు చికిలించింది. “ఇది మా బావ షాపేనా? పేరే కనపడట్లేదు.”

“కనపడకపోవడమే కదే నా గొప్ప!”

మూడు వారాలు గడిచాయి. పెద్దల్లుడి పేజీ మొదటి స్థానంలోనే ఉంది. వేరు కుళ్లినా ఆకు కొన్నాళ్లు పచ్చగానే ఉంటుందని చిన్నల్లుడు సర్ది చెప్పుకున్నాడు. ఈలోగా అతని పేజీ రెండు నుంచి నాలుగుకి దిగింది. రోజుకి ఆరుసార్లు మోగే ఫోన్ ఒక్కసారి కూడా మోగడం లేదు. షాపు కంప్యూటర్లో పేజీ నిక్షేపంగా ఉంది. నెలాఖరుకి నాలుగు రోజులుందనగా అతని భార్య తన ఫోన్‌లో తెరిచింది.

“ఏమండీ, మన పేజీలోనూ చీమలు పాకుతున్నాయి.”

అతను చూశాడు. చీమంత అక్షరాలు, గుట్టగా పడ్డ బటన్లు.

“నా ఐడియా దొంగిలించాడు!” అని అరిచాడు. గంటలో పోలీస్ స్టేషన్‌లో ఉన్నాడు.

తోడల్లుడు ప్రతీకారంతో తన పేజీ పాడు చేయించాడని ఫిర్యాదు రాసి, పైన షాపు పేరుతో ముద్ర కూడా గుద్దాడు. ఎస్సై రెండుసార్లు చదివాడు.

“ప్రతీకారం అని రాశారు. దేనికి ప్రతీకారం?”

“నేనేం చెయ్యలేదండీ!” అన్నాడు చిన్నల్లుడు.

“గుమ్మడికాయల దొంగ అని నేనింకా అనలేదు. అప్పుడే భుజాలు తడుముకుంటారేంటి?” అన్నాడు ఎస్సై.

కబురందుకుని పెద్దల్లుడు వచ్చాడు. వెంట డిజైనర్ వచ్చింది. ఫోన్ పెట్టెను బల్ల మీద పెట్టింది. దాని సీలు ఇంకా విప్పలేదు. మెట్ల మీద మాటల రికార్డింగ్ వినిపించింది. తర్వాత వాంగ్మూలం ఇచ్చింది.

శనివారం సాయంత్రమే విషయం పెద్దల్లుడికి చెప్పింది. సోమవారం ఆయన పేజీకి కొత్త ఫైలు రాసింది. మంగళవారం తొమ్మిది నలభైకి, అడిగినవాడు అడిగినట్టే, పాత ఫైలు పాడు చేసింది. ఆ ఫైలు ఉన్నది పెద్దల్లుడు అద్దెకి తీసుకున్న సర్వర్లో. అప్పటికి దాన్ని వాడుకుంటున్న పేజీ ఒక్కటే మిగిలింది. దాన్నే ఫొటో తీసి పంపింది.

“అది అన్నయ్య పేజీ! నా కళ్లతో చూశా!” అన్నాడు చిన్నల్లుడు.

ఎస్సై ఆ ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేశాడు. పై వరుసలో ఉన్న షాపు పేరు, ఫిర్యాదు కాగితం మీది ముద్రలో ఉన్న పేరు ఒకటే.