రెండు నిమిషాలు ఆగే బండి

"పెద్దాయనా, లేవండి! గోడ మీద పడుద్ది!"

జేసీబీ ఇంజను ఆపి వీరబాబు కిందికి దూకాడు. రైళ్లు ఆగడం మానేసి పదేళ్లు దాటిన ఆ స్టేషనును రెండో లైను కోసం సాయంత్రంలోగా నేలమట్టం చెయ్యాలి. ప్లాట్‌ఫారం మీది సిమెంటు బెంచీని రెండు చేతులా పట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు.

"గదులన్నీ పడగొట్టుకో బాబూ. ఈ బెంచీ ఒక్కటీ వదిలెయ్."

"మీరెవరండీ?"

"సంజీవరావు. ఇక్కడ స్టేషన్ మాస్టరుగా చేశాను."

వీరబాబు గొంతు తగ్గించాడు. "బెంచీలో ఏముందండీ?"

పెద్దాయన చెప్పుకొచ్చాడు. ఒకప్పుడు ఇక్కడ పత్తి బేళ్లు, మిరపకాయ టిక్కీ బస్తాలు వ్యాగన్లకెక్కేవి. చీరాల నేతచీరల మూటలు దిగేవి. మిర్చి ఘాటుకి జనం తుమ్ముకుంటూనే బండెక్కేవారు. గుంటూరు పాసింజరు ఆగేది రెండే నిమిషాలు. ఆయన చేతిలో ఆ బండి ఒక్క సెకను ఆలస్యమైంది లేదు. అందుకు పైవాళ్లు షీల్డు కూడా ఇచ్చారు.

"ఒకరోజు జోరువాన. రెండు నిమిషాలూ అయిపోయాయి. మిరపచేలకి అడ్డంపడి ఎవరో ఆడమనిషి బిడ్డని చంకనేసుకుని పరిగెత్తుకొస్తోంది. ఆపండి, ఆపండని కేకలు. ఆ వానహోరులో గొంతు తెలియలేదు, మొహం కూడా కంటికి ఆనలేదు. రోజూ ఎవరో ఒకరు ఇలా వస్తూనే ఉంటారనుకుని పచ్చజెండా ఊపేశాను."

సూపర్‌వైజరు ఫోను మోగింది. వీరబాబు కట్ చేశాడు.

"తర్వాతేమైందండీ?"

"బిడ్డని పాము కరిచింది. గుంటూరు పెద్దాసుపత్రికని బయల్దేరిందట. వాగు పొంగి రోడ్డు తెగిపోయింది. మళ్లీ బండి సాయంత్రానికే. ఈ బెంచీ మీదే, తల్లి ఒళ్లోనే..."

ఆయన చెయ్యి బెంచీని నిమురుతోంది. వీరబాబుకి ఇంటి దగ్గరున్న తన కూతురు గుర్తొచ్చింది.

"ఒక్క నిమిషం ఆపుంటే?"

"బతికేదన్నారు డాక్టర్లు."

"మరి ఆ తల్లి మిమ్మల్ని ఏమీ అనలేదా అండీ?"

"అన్నా బాగుండేది బాబూ. నలభై ఏళ్లుగా రెండు పూటలా నాకు అన్నం వడ్డిస్తోంది. ఇంతవరకూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు."