పడవ అడుగున నీళ్ళు

"వచ్చే మనిషి ముందు మూతి ముడుచుకుని కూర్చోకండి. అడిగినదానికి నిజం చెప్పండి, చాలు," అంది టీచరమ్మ కింద వంటమూల నుంచి.

"నేనెప్పుడు అబద్ధం చెప్పాను?" అన్నాడు కెప్టెన్, పైన కూర్చుని ఇత్తడి కొక్కేన్ని గుడ్డతో రుద్దుతూ.

"చెప్పలేరుగా! నోరు తెరవకముందే మీ మొహం చెప్పేస్తుంది."

ఆయన నిజం కెప్టెనేమీ కాదు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ పేరు భార్య పెట్టింది. ఆవిడ మాత్రం అచ్చంగా లెక్కల టీచరే. ఉద్యోగాలు అయిపోయాక ఈ పాత తెరచాప పడవ కొనుక్కుని, ఏడేళ్ళుగా తీరం వెంబడి రేవు నుంచి రేవుకి తిరుగుతున్నారు. గాలి అనుకూలిస్తే ప్రయాణం, లేదంటే ఉన్నచోటే లంగరు వేసుకుని కబుర్లు. ఆవిడ చుక్కాని పడితే ఆయన తాళ్ళు చూసుకుంటాడు. ఆవిడ వంటలో ఉప్పు ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే. నిన్న బజారు నుంచి తెచ్చిన ఉప్పు డబ్బాలో నింపుతూ, "ఇది వారం వస్తే గొప్పే," అని ఆయన వేళాకోళం చేశాడు కూడా. అదొక్కటి మినహాయిస్తే కెప్టెన్‌కి ఈ బతుకులో ఏ లోటూ కనిపించలేదు.

అలాంటి పడవ ఇప్పుడు అమ్మకానికి వచ్చింది. పోయిన నెల ఆయన నడుం పట్టేసి పక్క దిగలేకపోతే, కూతురు ఫోన్లో ఏడ్చింది. "ఇక చాలు నాన్నా, ఒడ్డుకి వచ్చెయ్యండి," అంది. టీచరమ్మ ఆయన నడుం వంక చూసి, "నిజమేనే. కదలని పొయ్యి మీద వండుకుని ఎన్నాళ్ళైందో," అంది. ఆ మాటతో కెప్టెన్ ఆలోచనలో పడ్డాడు. ఆవిడ మనసు ఒడ్డు మీదికి మళ్ళితే తను అడ్డుపడటం ఏం న్యాయం? సరే అన్నాడు. అన్నాడే గానీ, ఆ రోజు నుంచి ముద్ద సరిగా దిగడం లేదు.

కెప్టెన్ చేతులు కడుక్కోవడానికి కిందికి దిగి కుళాయి తిప్పితే సన్నటి ధార వచ్చింది.

"నిన్ననేగా ట్యాంకు నింపాను!"

"అతిథి వస్తున్నాడని గిన్నెలన్నీ తోమాను లెండి. అదిగో, వచ్చేశాడు."

పడవ కొందామని వచ్చినవాడు పళ్ళ డాక్టరు. చెక్కని వేలితో కొట్టి చూశాడు, తెరచాప కుట్లు చూశాడు, ఇంజను వేయించుకుని విన్నాడు.

"మొరాయిస్తుందా?"

"ఇంతవరకూ లేదండీ."

"తుప్పు?"

"లేదు."

ఒక్కో జవాబుకీ డాక్టరు మొహం విప్పారుతోంది. కెప్టెన్‌కి గుండెలో ఏదో ఊడిపోతున్నట్టు ఉంది. నిజం చెప్పడం ఇంత కష్టమని ఆయనకి ఇదివరకు తెలియదు.

"ఈ నేల పలక ఎత్తి చూడొచ్చా?"

"చూడండి. నిన్న సాయంత్రమే పొడిగుడ్డతో తుడిచాను."

డాక్టరు పలక ఎత్తాడు. కింద నీళ్ళు తళతళలాడుతున్నాయి.

"ఇదేంటండీ?"

కెప్టెన్ నోరు వెళ్ళబెట్టాడు. టీచరమ్మ, "అయ్యో!" అంటూ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది.

"మంచినీళ్ళ ట్యాంకు కారుతోందేమో," అన్నాడు డాక్టరు ఆశ చావక.

కెప్టెన్ వంగి వేలు ముంచి నాలుకకి రాసుకున్నాడు. పడవల్లో పరీక్ష ఇదే. చప్పగా ఉంటే ట్యాంకు నీళ్ళు, ఉప్పగా ఉంటే సముద్రం లోపలికి వస్తున్నట్టు. ఆయన ఇలా రుచి చూసినప్పుడల్లా ఆవిడ ఛీ అంటుంది. ఇవాళ అనలేదు.

ఆయన మొహం చిట్లించాడు. "ఉప్పండీ. కటిక ఉప్పు. సముద్రమే. అడుగున ఎక్కడో చిల్లు పడింది."

"ఎక్కడ?"

"తెలియదు. వెతకాలి."

డాక్టరు, ఆలోచించుకుని చెబుతానంటూ, పన్ను పీకించుకోవాల్సిన వాడిలా గబగబా గట్టెక్కేశాడు.

కూతురు ఫోన్లో నిలదీసింది. "నాన్నా, నువ్వే ఏదో చేశావు కదూ?"

"ఒట్టు తల్లీ! నాకేం తెలియదు. చిల్లు పడవని ఒకరికి ఎలా అంటగడతాం? అదెక్కడుందో దొరికేదాకా అమ్మే మాటే లేదు."

కూతురు మెత్తబడింది. "అబద్ధమాడితే నీకు నత్తి వచ్చేస్తుంది. ఇది నిజమే అయ్యుంటుంది. సరే, ఈ ఏడాదికి ఉండండి. నడుం జాగ్రత్త."

కెప్టెన్ నీళ్ళు తోడేసి, టార్చి పట్టుకుని మూలమూలా గాలించాడు. మళ్ళీ ఒక్క చుక్క ఊరలేదు. ఆయనకి పిల్లాడిలా ఎగిరి గంతెయ్యాలని ఉంది. అందుకు సిగ్గుగానూ ఉంది.

"నీకు కదలని పొయ్యి లేకుండా పోయింది, టీచరమ్మా."

"ఏం చేస్తాం. ఇన్నాళ్ళూ సర్దుకోలేదూ?" అంది ఆవిడ కూనిరాగం తీస్తూ. "రండి, కంచం పెట్టాను."

చాలా రోజుల తరవాత ఆయనకి కరకరా ఆకలేసింది. అన్నంలో కూర కలుపుకుని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. చప్పిడి. పెళ్ళైన నాటి నుంచి ఆవిడ చేతి వంట ఇలా తిని ఎరగడు.

"ఉప్పు మర్చిపోయావా?"

"మర్చిపోయుంటాను," అంది ఆవిడ కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ.

ఆయన చెయ్యి చాచి డబ్బా అందుకుని మూత తీశాడు.

నిన్న నింపిన డబ్బాలో ఉప్పు రవ్వంత కూడా లేదు.