ఏ కార్డులోనూ లేని రంగు

"ఇది కాదు," అన్నారు టీచరుగారు.

పెయింటరు షేడ్ కార్డు మూసేశాడు. అప్పటికి నూట నలభై రంగులు చూపించాడు. నూట నలభై సార్లూ ఇదే మాట. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరయ్యారు మరి, ఉజ్జాయింపు అంటే అస్సలు గిట్టదు.

"పోనీ ఎలా ఉండాలో చెప్పండమ్మా. లేత పసుపా? గంధమా?"

"రెండూ కాదయ్యా. ఇల్లు కట్టినప్పుడు మా ఆయన స్వయంగా బకెట్లో కలిపి వేశారు. ఏది ఎంత కలిపారో రాసి పెట్టలేదు. ఆ మనిషికి రాసే అలవాటుంటేగా!" ఆవిడ గోడ వైపు తిరిగారు. "ఆయన పోయి ఐదేళ్లు. నాకు ఆ రంగే కావాలి."

గోడ చూసి పోల్చుకుందామా అంటే, పన్నెండేళ్ల నాచూ రోడ్డు దుమ్మూ పట్టి ఇల్లంతా మాడిన పెనంలా ఉంది. ఇప్పటికే ముగ్గురు పెయింటర్లు చెక్కల మీద రంగులు వేసి చూపించి, చీవాట్లు తిని పోయారు. మన పెయింటరు నాలుగోవాడు.

"శనివారం వస్తాను. ఆ రంగు రాలేదో, నీదీ ఆ ముగ్గురి దారే!" అని టీచరుగారు చెల్లెలింటికి బయల్దేరారు.

పెయింటరు తనకు తోచిన గంధం రంగు పన్నెండు డబ్బాలు కొని, దేవుడి మీద భారం వేశాడు.

సోమవారం గోడలు కడగడం మొదలైంది. ఆ పని పెయింటరు భార్యది. నీళ్లు జోరుగా చిమ్మే ప్రెషర్ వాషర్ మీద మొగుణ్ణి చెయ్యి కూడా వెయ్యనివ్వదు. మొక్కలకు ప్లాస్టిక్ షీట్లు కప్పింది. నాచు పోయే మందు కలిపిన సబ్బునీళ్లు కింద నుంచి పైకి జల్లుకుంటూ పోయింది. పై నుంచి మొదలుపెడితే చారలు కడతాయి.

"ఇలా పన్నీరు చిలకరించినట్టు చేస్తే అయినట్టే! ఫుల్లు ప్రెషర్ పెట్టు," అన్నాడు పెయింటరు.

"పెడితే పాత రంగు పెచ్చులుగా లేచిపోతుంది."

"పోతే పోనీ. దాన్నేమైనా దాచుకుంటామా?"

"ఊడినచోటల్లా పుట్టీ పెట్టుకునేది నువ్వేగా? అయితే సరే."

పెయింటరు గొట్టానికి అడ్డం తప్పుకున్నాడు.

ఆమె పది నిమిషాలు నాననిచ్చి, మందు ఆరిపోకముందే పై నుంచి కిందికి కడిగేసింది. నల్లటి నీళ్లు కాలువ కట్టాయి. గోడల తడి పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పట్టింది.

గురువారం పొద్దున్నే గేటు చప్పుడైంది. చూస్తే టీచరుగారు! శనివారం రావాల్సిన మనిషి. నిచ్చెన పక్కన బ్రష్షు పట్టుకుని నిలబడ్డ పెయింటరు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆవిడ సంచి కింద పెట్టారు. కళ్లజోడు తుడుచుకున్నారు. గోడ దగ్గరికి వెళ్లి అరచెయ్యి ఆనించారు.

"అమ్మా, అది ఇంకా..."

"నువ్వుండవయ్యా."

"కాదమ్మా, నేను చెప్పేదేమిటంటే..."

"ఉండమన్నానా!" ఆవిడ కళ్లు నిండిపోయాయి. "ఇదే. అచ్చం ఇదే. పొద్దుటి ఎండలో ఇలాగే ఉండేది. ఆ ముగ్గురూ తలకిందులుగా తపస్సు చేసినా తేలేకపోయారు. నీకు నూటికి నూరు మార్కులు!"

ఆ మార్కులు పుచ్చుకోలేకా కాదనలేకా పెయింటరు చేతిలో బ్రష్షు అటూ ఇటూ తిప్పాడు.

"సిగ్గుపడతావేం? ఏమేం కలిపావో చెప్పు. ఈసారి నేను రాసి పెట్టుకుంటాను," అంటూ సంచిలోంచి నోటుబుక్కూ పెన్నూ తీశారు.

అతను బిక్కమొహం వేసుకుని భార్య వైపు చూశాడు.

వాషరు గొట్టం చుట్ట చుడుతున్న ఆమె తలెత్తి, "మేమింకా డబ్బా మూతైనా తియ్యలేదండీ టీచరుగారూ, అది సారు వేసిన రంగే," అంది.