అట్టల భాష

"తాళం వేయాల్సిందే!" కంపెనీ యజమాని మోహన్ బల్ల గుద్దాడు. "రెండేండ్లు జీతాలిచ్చి చేయించిన కంప్యూటర్ భాషను ఊరందరికీ పంచి పెడతారా?"

"పంచాల్సిందే సార్." పర్వీన్ తగ్గలేదు. ఆ భాష రాసింది ఆమే. చీర అంచు ఎట్లా రావాలో అందులో చెబితే చాలు, మగ్గానికి బిగించే డిజైన్ అట్టలకు యంత్రమే రంధ్రాలు కొడుతుంది. "ఇందులో ప్రతి కిటుకూ మా నాయనది. ధర్మవరంలో ఏ నేతగాడైనా ఊరికే వాడుకోవాల."

తన తరఫున మాట్లాడతాడని ఆమె పిలిపించిన తండ్రి ఖాదర్‌వలి గుమ్మంలోనే నిలబడ్డాడు. ముప్పై ఏండ్లుగా నేతగాళ్ళకు చేత్తో అట్టలు కొట్టిచ్చి బతుకుతున్న మనిషి.

"చెప్పు నాయనా, అందరికీ ఇద్దామా?"

"మన వీధిలో కంప్యూటర్ ఎవరింట్లో ఉండాదమ్మా?"

"ఎవరింట్లోనూ లేదు."

"మరి ఎవరికుండాది?"



"పవర్‌లూమ్ షావుకార్లకి!" మోహన్ గెలిచినట్టు నవ్వాడు. "అందుకే తాళం వేయమంటాండా. చూస్తివా పెద్దాయనా?"

"తాళమేసినా నువ్వు అమ్మేది వాళ్ళకే కదప్పా!"

ఖాదర్‌వలి ఇద్దరినీ చూశాడు.

"ఇచ్చుకోండి, అమ్ముకోండి. అట్టల కోసం ఇంక నా గడప తొక్కేవాడుండడు."

అట్టల కిటుకు కన్నబిడ్డకు తప్ప చెప్పకూడదని అట్టలు కొట్టేవాళ్ళ కట్టుబాటు. పర్వీన్ తండ్రి దగ్గరికి వచ్చింది.

"మరి నాకెందుకు అంతా చెప్పినావు నాయనా?"

"నువ్వు నా పని నేర్చుకుంటాండావు అనుకుంటినమ్మా."