వట్టి చేతుల మనిషి

మోర్టా తోటలోకి వచ్చేసరికి ఎవరో ముసలాయన మూడో తేనెపెట్టె ముందు చతికిలబడి ఉన్నాడు.

టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. తేనెటీగలు వచ్చిపోయే దారినే కళ్లార్పకుండా చూస్తున్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది. కిందటేడే పక్క ఊళ్లో రెండు పెట్టెలు మాయమయ్యాయి.

"ఏం పెద్దాయనా, ఎవరి తోటలో కూర్చున్నావో తెలుసా?"

"తెలుసు తల్లీ." లేవడానికి కాస్త తిప్పలు పడ్డాడు. "ఎనిమిది పెట్టెలయ్యాయే! పిల్లలు బాగున్నారా?"

"నా పిల్లల సంగతి నీకెందుకు? పెట్టెలు కూడా లెక్కపెట్టేశావన్నమాట!"

"మా ఈగలన్నీ ఈ చలికాలం చనిపోయాయమ్మా. అడుగుదామని..."

మా లిథువేనియాలో పశువు చస్తుంది. చనిపోయేది మనిషీ, తేనెటీగా మాత్రమే. మోర్టా ఆ మాటకైనా కరగలేదు.

"ఈగల్ని అమ్ముకునే ఇల్లు కాదిది."

"కొనడానికి రాలేదు తల్లీ."

"ఓహో, ఊరికే ఇచ్చెయ్యాలా? అటు చూడు, ఆ గుమ్మం దగ్గర కావలి ఈగల్ని. తేనె మోసుకొస్తే పరాయిదాన్నయినా లోపలికి రానిస్తాయి. వట్టి చేతులతో వస్తే గెంటేస్తాయి. ఈగలకున్న తెలివి మనుషులకుంటే బాగుండు!"

ముసలాయన తన చేతులు చూసుకున్నాడు.

"నిజమే. వట్టి చేతులే."

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. పేరు చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

నెల తిరిగేసరికి మూడో పెట్టె పొంగింది. ముసలి రాణి ఈగ ఇల్లూ, సగం సంసారమూ కూతురికి వదిలేసి, మిగతా సగాన్ని వెంటేసుకుని బయటికొచ్చింది. ఆ దండు రెండు రోజులు బిర్చ్ కొమ్మకు వేలాడింది. మూడో పొద్దున సరస్సు దాటి ఎగిరిపోయింది.

మోర్టాకు దిగులు కలగలేదు, సంబరమనిపించింది. దండు ఎవరింట వాలితే వాళ్లు మనకు బిచ్యులిస్, అంటే ఈగలు కలిపిన చుట్టం. తోబుట్టువు కన్నా ఎక్కువ. దండును వెనక్కి అడగకూడదు, ఆ మనిషిని మాత్రం వదులుకోకూడదు.

ఆమెకు ఇన్నాళ్లూ ఒక్క బిచ్యులిస్ లేడు. ముప్పై ఏళ్ల క్రితం ఆమె తోటలో వాలిన మొదటి దండు ఎవరిదో తెలియనే లేదు. ఆ ఏడంతా ఆదివారాలు చర్చి దగ్గర వాకబు చేసింది. ఎవరూ మాదనలేదు. రాని ఆ మనిషి మీద ఆమెకు ఇప్పటికీ అలకే.

నల్ల రొట్టె, తేనె సీసా సంచిలో వేసుకుని సరస్సు చుట్టూ నడిచి వెళ్లింది. అవతలి ఊళ్లో మూడో ఇంటి ముందు దండు కనిపించింది. గుమ్మం పక్కన పాత పెట్టెలో సర్దుకుంటోంది.

ఆ గేటుకు నల్ల గుడ్డ కట్టి ఉంది.

"బల్ట్రుస్ తాత నిన్న చనిపోయాడు," అంది పక్కింటావిడ. "ఈగలు మీవా? అయ్యో, అవి ఒక్కరోజు ముందు రాకూడదూ! మొన్న నాలుగు ఈగలొచ్చి పెట్టె లోపలా బయటా కొలుచుకుని వెళ్లాయి. 'ఇల్లు చూసుకోడానికి పెద్దలొచ్చారే!' అని ఎంత మురిసిపోయాడో."

"ఆయనకి ఈగలు లేవా?"

"చలికి అన్నీ చనిపోయాయి. మొన్న మేలో దండు అడగడానికని అంత దూరం నడిచి వెళ్లాడు. తిరిగొచ్చి ఈ పెట్టె కడిగి, మైనం పూసి ఇక్కడ పెట్టాడు. 'నేను అడగలేకపోయాను. వాటికే తోస్తే వస్తాయి' అన్నాడు."

మోర్టా సంచి కింద పెట్టింది.

"ఎవరిని అడగడానికి వెళ్లాడట?"

"పేరు చెప్పేవాడు కాదు. ఎప్పుడో ఈయన దండు సరస్సు దాటితే వెంట వెళ్లాడట. మొగుడు పోయిన పిల్ల ఎవరో, ఇద్దరు పసివాళ్లతో, గోనె పట్టా పరిచి దాన్ని పట్టుకుంటోందట, నవ్వుతూ. చెట్టు చాటు నుంచి చూసి వెనక్కొచ్చేశాడు."

"చెప్పొచ్చు కదా! ఎందుకు చెప్పలేదు?"

"మేమూ అడిగాం. 'చెబితే ఏటా నాకు తేనె పట్టుకొస్తుంది. పసివాళ్ల నోటి దగ్గరది నాకెందుకు?' అనేవాడు."

లోపల ఆయన దగ్గర ప్రార్థన పాట మొదలైంది. మోర్టా వెళ్లి ముఖం చూసింది.

తెచ్చిన రొట్టె ఆ చేతుల దగ్గర పెట్టింది. వేళ్లకు జపమాల చుట్టి ఉంది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

వట్టి చేతులని తను గెంటేసిన ఆ మనిషే, ముప్పై ఏళ్లుగా తను ఎదురుచూస్తున్న బిచ్యులిస్.